ఫార్మాట్ కొట్టించే ముందు: ఇంటి కంప్యూటరును ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తేలికగా నడుపుకోవడం

ఏడెనిమిదేళ్ల క్రితం కొన్న కంప్యూటరు నెమ్మదించగానే మన ఇళ్లలో వినిపించే మొదటి సలహా ఫార్మాట్ కొట్టించమని, రెండోది కొత్తది కొనమని. ఫార్మాట్ కొట్టిస్తే కొన్ని నెలలు హాయిగానే ఉంటుంది. ఆ తరువాత పరిస్థితి మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే దాన్ని నెమ్మదింపజేసిన ప్రోగ్రాములూ అలవాట్లూ ఒక్కొక్కటిగా తిరిగి అందులోకి చేరతాయి. కొత్తది కొనడం ఖర్చుతో కూడిన పని, పైగా చాలా సందర్భాల్లో అనవసరం. ఉత్తరాలు రాసుకోవడం, నెలవారీ లెక్కలు, పిల్లల ప్రాజెక్టు పనులు, కరెంటు బిల్లు, బ్యాంకు లావాదేవీలు, తెలుగు టైపింగు, వీడియో కాల్స్, అప్పుడప్పుడూ ఒక సినిమా: ఇంటి కంప్యూటరు చేసే పని దాదాపు ఇంతే. ఇందుకు నాలుగు జీబీ ర్యామ్, ఇంటెల్ ఆరో తరం లేదా ఏడో తరం ఐ3 ప్రాసెసరు ఉన్న యంత్రం సరిపోతుంది, ఎనిమిది జీబీ ఉంటే ఇక లోటే లేదు.

ఈ వ్యాసం అలాంటి యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. ఇందులో సూచించే ప్రోగ్రాములు దాదాపుగా అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోవకు చెందినవి. వాటి సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు; వాటికి ట్రయల్ గడువు ఉండదు, కొనమంటూ మధ్యమధ్యలో వేధించవు. అయితే ఉచితంగా దొరుకుతున్నాయి కదా అని పాతిక ప్రోగ్రాములు వేసుకుంటే ఫలితం తలకిందులవుతుంది. అక్కర్లేనిది తీసేస్తే తప్ప కంప్యూటరు తేలికపడదు. ఒక పనికి ఒక్క ప్రోగ్రామే ఉండాలి, మనం తెరవనిదే ఏదీ నడవకూడదు అన్న రెండు నియమాలను పట్టుకుని ముందుకు వెళ్దాం.

ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి

కంప్యూటరు ఆన్ చేసి ఏ ప్రోగ్రామూ తెరవకుండా ఓ పది నిమిషాలు వదిలేయండి. తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసరు), మెమరీ, డిస్క్ అనే మూడు నిలువు వరుసలు చూడాలి. ఏమీ చేయకపోయినా డిస్క్ వరుస నూరు శాతం దగ్గర నిలబడి ఉంటే లోపం హార్డ్ డిస్కులో ఉందని అర్థం. మెమరీ ఎనభై, తొంభై శాతం నిండి ఉంటే వెనకాల నడిచే ప్రోగ్రాములు ఎక్కువయ్యాయని అనుకోవచ్చు. సీపీయూ ఎక్కువగా ఉంటే ఆ వరుస శీర్షిక మీద నొక్కండి, ఎక్కువ వాడుతున్న ప్రోగ్రాము పైకి వచ్చి కనబడుతుంది. మూడూ తక్కువగానే ఉండి కంప్యూటరు మాత్రం వేడెక్కి ఫ్యాను హోరెత్తుతుంటే దుమ్ము దులిపించాలి. వేడి పెరిగినప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది కనుక ఏ సాఫ్ట్‌వేరూ దానికి మందు కాదు.

ఇక్కడే చేయవలసిన మరో పరీక్ష ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామును దాని సొంత వెబ్‌సైటు నుంచి దించుకుని నడిపితే, డిస్కు తన ఆరోగ్యం గురించి తాను రాసుకున్న లెక్కలను అది చదివి చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అని ఉంటే పరవాలేదు. పసుపు రంగులో కాషన్ అని వస్తే, ముఖ్యంగా రీఅలొకేటెడ్ లేదా పెండింగ్ సెక్టార్లు అన్న వరుసల పక్కన సున్నా కాని అంకెలు కనిపిస్తే, డిస్కులో కొన్ని భాగాలు చదవడానికి మొరాయిస్తున్నాయని అర్థం. చదవలేని చోటును డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వల్లే కంప్యూటరు హ్యాంగ్ అయినట్టు అనిపిస్తుంది. అలాంటి స్థితిలో ఫార్మాట్ కొట్టించడం, డీఫ్రాగ్మెంట్ చేయడం వంటివి డిస్కుకు మరింత శ్రమ పెడతాయి. మరే పనీ పెట్టుకోకుండా ముందు ఫోటోలనూ పత్రాలనూ వేరే చోటికి కాపీ చేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ గురించిన వ్యాసమే అయినా ఒక మాట దాచకుండా చెప్పాలి: మీ కంప్యూటరులో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే దాని స్థానంలో తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డీ రకం డిస్కు పెట్టడం కంటే మేలైన చికిత్స లేదు. తిరిగే డిస్కు వరుసగా చదివేటప్పుడు సెకనుకు నూరు ఎంబీకి అటూ ఇటూగా ఇస్తుంది. సాటా ఎస్ఎస్‌డీ అయిదువందల దాకా ఇస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు జరిగేది వేలాది చిన్న ఫైళ్లను అక్కడా ఇక్కడా వెతికి చదవడం కనుక ఆచరణలో తేడా ఈ అంకెల కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా తెలుస్తుంది. ఇంటి అవసరాలకు 256 జీబీది చాలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ల బజారు లాంటి చోట కొన్నా, మీ ఊళ్లోని కంప్యూటరు దుకాణంలో కొన్నా, పాత ల్యాప్‌టాపుకు రెండున్నర అంగుళాల సాటా రకం పడుతుందా, ఎం.2 రకం పడుతుందా అన్నది మోడల్ నంబరు చెప్పి ముందే తేల్చుకోండి. ర్యామ్ కొనేటప్పుడు కూడా డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని బదులు ఒకటి పట్టవని గుర్తుంచుకోవాలి.

పాత డిస్కును ఉన్నదున్నట్టుగా ఎస్ఎస్‌డీలోకి దించడానికి క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, కానీ కొత్త డిస్కు పాతదాని కంటే చిన్నదైతే అది మామూలుగా ఒప్పుకోదు. ఒక టీబీ డిస్కు నుంచి 256 జీబీకి మారేవారు పార్టిషన్లను, అంటే డిస్కులోని సీ, డీ వంటి భాగాలను, కుదించే తలనొప్పి పెట్టుకోకుండా, ఎస్ఎస్‌డీలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా వేసుకుని ఫైళ్లను మాత్రం కాపీ చేసుకోవడం మంచిది.

తీసేయవలసినవి

టాస్క్ మేనేజరులోనే స్టార్టప్ అనే ట్యాబు ఉంటుంది. కంప్యూటరుతో పాటే నిద్రలేచే ప్రోగ్రాముల జాబితా అది. వాట్సాప్, టీమ్స్, వన్‌డ్రైవ్, రకరకాల అప్‌డేటర్లు, ప్రింటరు తయారీదారు పెట్టిన సహాయకులు, ఎప్పుడో ఒకసారి ఆడిన ఆటకు సంబంధించిన లాంచరు, అన్నీ అక్కడ బారులు తీరి కనిపిస్తాయి. వాటిలో సౌండు డ్రైవరు, టచ్‌ప్యాడ్, విండోస్ సెక్యూరిటీ తప్ప మిగిలినవాటిని కుడి క్లిక్‌తో డిజేబుల్ చేయవచ్చు. డిజేబుల్ చేస్తే ఆ ప్రోగ్రాము పోదు, మీరు తెరిచినప్పుడు మాత్రమే నడుస్తుంది. బ్రౌజర్ల విషయంలో ఇంకొక మెలిక ఉంది: క్రోమ్, ఎడ్జ్ రెండూ మూసేసిన తరువాత కూడా వెనకాల నడుస్తూ ఉండేందుకు ఒక ఏర్పాటు పెట్టుకున్నాయి. వాటి సెట్టింగులలో సిస్టమ్ అన్న విభాగానికి వెళ్లి దాన్ని ఆపేయాలి.

తరువాత ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాముల జాబితా తెరిచి, ఏడాదిగా వాడనిదాన్ని దేన్నయినా మొహమాటం లేకుండా తొలగించండి. ల్యాప్‌టాపుతో పాటు వచ్చి గడువు తీరిపోయిన యాంటీవైరస్ ఉంటే ముందు దాన్నే తీసేయాలి. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది, దాని మీద ఇంకొకటి కూర్చుంటే ప్రతి ఫైలునూ ఇద్దరు తనిఖీదారులు తెరిచి చూస్తున్నట్టే. రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు, పీసీ బూస్టర్లు అనే కులానికి చెందినవేవీ అక్కర్లేదు. విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా అయిన రిజిస్ట్రీలో నాలుగు అనాథ పద్దులు మిగిలిపోతే కంప్యూటరు నెమ్మదించదు. తప్పు పద్దు తొలగిస్తే మాత్రం ఏదో ఒక ప్రోగ్రాము పనిచేయడం మానేస్తుంది. అసలు 2017లో సీక్లీనర్ అనే పేరుమోసిన శుభ్రపరిచే ప్రోగ్రాము అధికారిక కాపీలోకే దుండగులు హానికర కోడ్ చొప్పించారు. అది ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. డబ్బు కట్టకుండా లైసెన్సును దొంగచాటుగా తెరిచే యాక్టివేటర్లతో నడిచే క్రాక్ విండోస్, క్రాక్ ఆఫీసుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. యాక్టివేటరు పనిచేయాలంటే యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతుంది, ఆ తరువాత లోపలికి ఏం వచ్చిందో చూసేవారు ఉండరు.

డిస్కు నిండిపోయిన బాధ ఉంటే విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రాము ఏ ఫోల్డరు ఎంత చోటు తింటోందో రంగుల పటంలా చూపిస్తుంది. అనుభవం మీద చెప్పాలంటే దోషులు ఎప్పుడూ వీళ్లే: డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఒకే ఆధార్ పీడీఎఫ్ ఏడెనిమిది కాపీలు, ఫోను నుంచి రెండు మూడుసార్లు దించిన పెళ్లి వీడియోలు, ఎప్పటివో ఇన్‌స్టాలర్లు. వీటిని తీసేయండి. సీ డ్రైవులోని విండోస్ ఫోల్డరు జోలికి మాత్రం చేత్తో వెళ్లకూడదు. అక్కడి చెత్తను తీయడానికి విండోస్ సొంత డిస్క్ క్లీనప్ ఉంది.

ఏ పనికి ఏది

బ్రౌజరుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే నేడు ఇంటి కంప్యూటరు ర్యామ్‌లో పెద్ద వాటా దానిదే. నేను సూచించేది ఫైర్‌ఫాక్స్, దానికి తోడు ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాము). వార్తల వెబ్‌సైట్లలో అసలు వార్త కంటే ప్రకటనలూ వాటి వెంట వచ్చే గూఢచారి స్క్రిప్టులూ బరువెక్కువ. వాటిని దిగకముందే ఆపేస్తే ర్యామ్, డేటా, కంటి శ్రమ మూడూ మిగులుతాయి. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల విధానం మార్చుకోవడంతో అందులో పూర్తి స్థాయి యూబ్లాక్ ఆరిజిన్ నడవదు, తగ్గించిన లైట్ రూపమే దొరుకుతుంది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పూర్తిగా నడుస్తోంది. పేరులో ఆరిజిన్ అన్న మాట ఉందో లేదో చూసి వేసుకోండి, పోలిన పేర్లతో వేరేవి ఉన్నాయి. ట్యాబులు ముప్పై నలభై తెరిచి ఉంచే అలవాటున్నవారు, తరువాత చదువుదాం అనుకున్నదాన్ని బుక్‌మార్క్ చేసి మూసేయడం నేర్చుకుంటే చాలు, సగం సమస్య తీరిపోతుంది. ఏ ట్యాబు ఎక్కువ తింటోందో చూడాలంటే ఫైర్‌ఫాక్స్ మెనూలోని మోర్ టూల్స్ కింద దాని సొంత టాస్క్ మేనేజరు ఉంది.

పత్రాలకూ లెక్కలకూ లిబ్రేఆఫీస్. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడివడిన ఈ ప్రాజెక్టును డాక్యుమెంట్ ఫౌండేషన్ నడుపుతోంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, ఆ రూపాల్లోనే భద్రపరుస్తుంది కూడా. ఇతరులతో పంచుకునే ఫైళ్లు ఎక్కువైతే ఆప్షన్లలోని లోడ్/సేవ్ విభాగంలో వర్డ్ రూపాన్ని డిఫాల్టుగా పెట్టుకోవచ్చు. మీ సొంత కాగితాలకు మాత్రం దాని సహజ రూపమైన ఓడీఎఫ్ మేలు, అది అంతర్జాతీయ ప్రమాణం కనుక ఏ ఒక్క సంస్థ దయ మీదా ఆధారపడదు. వర్డ్ ఫైలు తెరిస్తే పేజీలు అటూ ఇటూ జరిగిపోయాయని చాలామంది ఫిర్యాదు చేస్తారు. ఎక్కువసార్లు దానికి కారణం ఫాంటు లేకపోవడం. కాలిబ్రి కొలతలకు సరిగ్గా సరిపోయే కార్లిటో, కాంబ్రియాకు బదులు కలేడియా అనే ఉచిత ఫాంట్లు ఉన్నాయి, అవి ఉంటే పంక్తులు చెదరవు. నాలుగు జీబీ యంత్రంలో లిబ్రేఆఫీస్ త్వరగా తెరుచుకోవాలంటే ఆప్షన్లలోని అడ్వాన్స్‌డ్ విభాగంలో జావా వాడకాన్ని ఆపేయవచ్చు, ఉత్తరాలకూ లెక్కలకూ జావాతో పని లేదు.

మిగిలినవాటిని త్వరగా చెప్పుకోవచ్చు. వీడియోలకు వీఎల్‌సీ, పీడీఎఫ్ చదవడానికి అయిదారు సెకన్లు కూడా ఆలోచించకుండా తెరుచుకునే సుమాత్రా పీడీఎఫ్, జిప్ ఫైళ్లకు సెవెన్‌జిప్. ఫోటోలకు గింప్ ఉంది కానీ పాస్‌పోర్టు ఫోటోను కత్తిరించడానికి అంత పెద్ద పనిముట్టు అక్కర్లేదు, విండోస్‌లోని ఫోటోస్ లేదా పెయింట్ చాలు. ఫోను నుంచి కంప్యూటరుకు ఫోటోలు పంపడానికి చాలామంది తమకు తామే వాట్సాప్ చేసుకుంటారు, ఆ దారిలో ఫోటో నాణ్యత తగ్గిపోతుంది. లోకల్‌సెండ్ అనే ఉచిత ప్రోగ్రామును రెండు చోట్లా పెట్టుకుంటే ఇంటి వైఫై మీదే, ఇంటర్నెట్ డేటా ఖర్చు కాకుండా, ఫోటో ఉన్నదున్నట్టు వస్తుంది. బ్యాంకు, పీఎఫ్, కరెంటు, తిరుమల దర్శనం బుకింగు అంటూ పెరిగిపోయిన పాస్‌వర్డులను ఎక్సెల్ షీటులో రాసుకునేవారు దాన్ని కీపాస్‌ఎక్స్‌సీకి మార్చుకోవాలి. అన్నీ ఒకే తాళం వేసిన ఫైలులో ఉంటాయి, ఆ ఫైలు మీ దగ్గరే ఉంటుంది, ప్రధాన పాస్‌వర్డు మరిచిపోతే మాత్రం తెరిచే నాథుడు లేడు కనుక దాన్నొక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఏది దించుకున్నా దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోవాలి. సెర్చ్ ఫలితాల్లో మొదట కనిపించేది ప్రకటన కావచ్చు, దాని వెనక నకిలీ ఇన్‌స్టాలరు ఉండవచ్చు. 2022లో మన దేశంలో వీఎల్‌సీ అధికారిక వెబ్‌సైటు కొన్ని నెలల పాటు నిరోధానికి గురైంది. అలాంటి సమయాల్లో ఏదో ఒక వెబ్‌సైటు నుంచి దించుకునే బదులు మైక్రోసాఫ్ట్ స్టోరులో అదే ప్రోగ్రాము ఉందేమో చూడటం సురక్షితం.

తెలుగు కోసం చేసుకోవలసిన ఏర్పాట్లు

తెలుగు టైపింగు కోసం ఒకప్పుడు చాలామంది వాడిన గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ విండోస్ ప్రోగ్రామును ఆ సంస్థ అందించడం మానేసింది. ఇప్పుడు దాని పేరుతో అక్కడక్కడా దొరికే ఇన్‌స్టాలర్లను నమ్మవద్దు. విండోస్ 10లో 2019 నుంచి మైక్రోసాఫ్ట్ సొంత తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. భాషల సెట్టింగులలో తెలుగు చేర్చి, దాని ఆప్షన్లలో ఫొనెటిక్‌ను ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో amma అని కొడితే అమ్మ అని పడుతుంది. రోజూ పేజీలకు పేజీలు టైపు చేసేవారికి ఒక్కో మీటకు నేరుగా తెలుగు అక్షరాలుండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమని సలహా ఇస్తాను. నేర్చుకునేటప్పుడు విసుగు తెప్పించినా అది భారత ప్రమాణం, విండోస్‌లోనూ, దానికి బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లోనూ ఒకేలా ఉంటుంది, వెనకాల నడిచే ప్రోగ్రాము ఏదీ లేకుండా పనిచేస్తుంది.

లిబ్రేఆఫీస్‌లో తెలుగు రాసేవారిని తికమకపెట్టేది ఒకటి ఉంది. ఆ ప్రోగ్రాము ఇంగ్లీషు అక్షరాలకూ మన అక్షరాలకూ ఫాంటు, సైజు వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటుంది. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు (క్లుప్తంగా సీటీఎల్) టిక్కు పెట్టి దాని భాషగా తెలుగును ఎంచుకోండి. తరువాత రైటర్ విభాగంలో బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అన్న చోట మీకు నచ్చిన తెలుగు ఫాంటు పెట్టండి. ఈ రెండూ చేయకపోతే శీర్షికలు ఒక ఫాంటులో, వ్యాసం మరో ఫాంటులో వస్తూ ఉంటాయి.

ఫాంట్లకు కొరత లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, గిడుగు, సురవరం, రామభద్ర వంటివి ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. వీటిలో నాలుగయిదు చాలు. వందలాది ఫాంట్లు ఒకేసారి వేసేస్తే ప్రతి ఆఫీసు ప్రోగ్రామూ తెరుచుకునేటప్పుడు వాటన్నిటినీ లెక్కపెట్టుకుంటూ నసుగుతుంది. పాత డీటీపీ రోజుల్లో ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో చేసిన ఫైళ్లు మీ దగ్గర ఉంటే వాటిని ఇప్పుడే అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతికి మార్చుకోవడం మంచిది, ఎందుకంటే ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ వ్యాసం అర్థంలేని గుర్తుల కుప్పగా కనబడుతుంది, వెతికినా దొరకదు. కాగితం మీద మాత్రమే మిగిలినవాటిని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ ఇంజను మీద నడిచే జీఇమేజ్‌రీడర్ ప్రోగ్రాముకు తెలుగు భాషా ఫైలు జోడించి ఇస్తే అక్షరాలుగా మార్చి పెడుతుంది. శుభ్రంగా అచ్చయిన పేజీల్లో తప్పులు తక్కువ. మసకబారిన పాత అచ్చు అయితే ఒత్తుల దగ్గర తడబడుతుంది, కూర్చుని దిద్దుకోవాలి.

విండోస్ 10 తరువాత ఏమిటి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి 2024లో ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబరు వరకే వర్తిస్తుంది. విండోస్ 11 అధికారికంగా కోరేది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసరు. మనం మాట్లాడుకుంటున్న యంత్రాలు చాలావరకు ఈ గీతకు ఇవతలే ఆగిపోతాయి. తనిఖీలను దాటవేసి విండోస్ 11 వేసే అడ్డదారులు ఉన్నాయి కానీ, నాలుగు జీబీ ర్యామ్ మీద దాన్ని నడపడం ఎవరికీ సంతోషం కలిగించదు. బ్యాంకు పనులు చేసే కంప్యూటరు అప్‌డేట్లు లేకుండా ఇంటర్నెట్‌లో తిరగడమూ మంచిది కాదు. ఇలాంటివారికి నా సలహా లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్, అందులోనూ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, తెర విండోస్‌ను పోలి ఉంటుంది, ఏ ప్రోగ్రామూ తెరవనప్పుడు విండోస్ 10 వాడే ర్యామ్‌లో దాదాపు సగంతో సరిపెట్టుకుంటుంది.

అయితే మారే ముందు మీ పనులను ఒకసారి తరచి చూసుకోవాలి. ఇంట్లోనే టాలీలో లెక్కలు రాసేవారు, జీఎస్‌టీ కోసం డిజిటల్ సంతకం టోకెను వాడేవారు విండోస్‌లోనే ఉండటం మేలు. టాలీ విండోస్ కోసం తయారైనది, టోకెన్ల డ్రైవర్లు లినక్స్‌లో సతాయిస్తాయి. ప్రింటరు కూడా చూసుకోవాలి: హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు మింట్‌లో తగిలించగానే పనిచేస్తాయి, మన దగ్గర చిన్న కార్యాలయాల్లోనూ ఇళ్లలోనూ విరివిగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో పేరుపడ్డ మొండిఘటం. మిగిలినవారికి, అంటే బ్రౌజరులోనూ ఆఫీసు పత్రాల్లోనూ తొంభై శాతం పని గడిచిపోయేవారికి, ఏ ఇబ్బందీ ఉండదు, పైన చెప్పిన ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, కీపాస్‌ఎక్స్‌సీ అన్నీ అక్కడా ఇవే. నిజానికి విండోస్‌లో ఉండగానే ఈ ప్రోగ్రాములకు అలవాటు పడమని చెప్పడంలో నా ఉద్దేశం కూడా అదే: ఆపరేటింగ్ సిస్టమ్ మారిన రోజున చేతికి కొత్తగా తగిలేది ఏమీ ఉండదు.

మింట్ వెబ్‌సైటు నుంచి దాదాపు మూడు జీబీ ఉండే ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ చేయడానికి కావలసినదంతా ఉన్న ఒకే ఫైలు) దించుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో ఎనిమిది జీబీ పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవులో అంతకుముందు ఉన్నదంతా పోతుంది. కంప్యూటరు ఆన్ అవుతుండగా బూట్ మెనూ మీట నొక్కి, పెన్‌డ్రైవును ఎంచుకోండి; ఆ మీట తయారీదారును బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ కావచ్చు. అప్పుడు మింట్ డిస్కు మీద ఏమీ రాయకుండా పెన్‌డ్రైవు నుంచే నడుస్తుంది. తొందరపడి ఇన్‌స్టాల్ నొక్కవద్దు. వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, కెమెరా, బ్లూటూత్, ప్రింటరు పనిచేస్తున్నాయా అని ఓ సాయంత్రమంతా వాడి చూడండి, పెన్‌డ్రైవు వేగం తక్కువ కనుక నెమ్మదిగా అనిపించడం మాత్రం సహజం.

అన్నీ కుదిరాక ఇన్‌స్టాల్ చేయడానికి అన్నిటికంటే భద్రమైన పద్ధతి, కొత్త ఎస్ఎస్‌డీ కొన్నవారికి చేతిలోనే ఉంది. పాత హార్డ్ డిస్కును విప్పి అలాగే పక్కన పెట్టి, ఎస్ఎస్‌డీ బిగించి, మింట్‌ను దాని మీద మొత్తంగా వేసుకోండి. ఏదైనా తేడా వస్తే పాత డిస్కు తిరిగి బిగిస్తే పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఒకే డిస్కులో రెండూ ఉంచుకోదలచినవారు ముందుగా ఫైళ్లు కాపీ చేసుకుని, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక అప్‌డేట్ మేనేజరు చెప్పినవన్నీ వేసేయండి. తెలుగు టైపింగుకు కీబోర్డు సెట్టింగులలోని లేఅవుట్లలో భారతీయ భాషల కింద తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ నేరుగా వస్తుంది. ఇంగ్లీషు ఉచ్చారణతో కొట్టాలనుకునేవారు ఇన్‌పుట్ మెథడ్ అన్న సాధనం ద్వారా ఐబస్ అనే టైపింగు ప్రోగ్రామును, దానికి ఎం17ఎన్ పొట్లాన్ని (అంటే ప్యాకేజీని) చేర్చి, ఆర్‌టీఎస్ లేదా ఐట్రాన్స్ అనే కీబోర్డు పద్ధతిని ఎంచుకోవాలి. కొత్త ప్రోగ్రాములను సాఫ్ట్‌వేర్ మేనేజరు నుంచే తీసుకోండి. అక్కడ ఒకే ప్రోగ్రాము సిస్టమ్ పొట్లంగానూ, ఫ్లాట్‌ప్యాక్ అనే విడి పొట్లంగానూ రెండు రూపాల్లో కనబడితే, చిన్న డిస్కు ఉన్నవారు సిస్టమ్ పొట్లాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే ఫ్లాట్‌ప్యాక్ తనతో పాటు తనకు కావలసిన సరంజామా అంతా వందల ఎంబీల్లో తెచ్చుకుంటుంది. మింట్‌లోనూ స్టార్టప్ జాబితా ఒకటి ఉంది, మొదట్లోనే ఓసారి చూసి బ్లూటూత్ వంటి అక్కర్లేనివి ఉంటే ఆపేయవచ్చు.

ఆ తరువాత చూసుకోవలసినవి

మింట్‌లో ఉండే టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్లను మాత్రమే పాత స్థితికి తెస్తుంది, మీ ఫోటోలనూ పత్రాలనూ కాదు. వాటి కోసం వేరుగా బ్యాకప్ ఉండాలి. ఇక్కడే పక్కన పెట్టిన పాత హార్డ్ డిస్కు పనికొస్తుంది. మొదట్లో చేసిన పరీక్షలో అది గుడ్ అని వచ్చి ఉంటే, యూఎస్‌బీ కేసింగ్ కొని అందులో బిగించండి. అందులోని పాత ఫైళ్లను మింట్ నేరుగా చదవగలదు కనుక కావలసినవాటిని ముందు ఎస్ఎస్‌డీలోకి తెచ్చుకోవచ్చు. రెండు మూడు నెలలు గడిచి, పాత విండోస్‌తో పని లేదని ఖాయమయ్యాక దాన్ని ఖాళీ చేసి, నెలకొకసారి తగిలించి డాక్యుమెంట్లు, ఫోటోలు, కీపాస్ ఫైలు కాపీ చేసి మళ్లీ విప్పేయాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే కంప్యూటరుకు తగిలిన వైరస్సో, పిడుగుపాటుకు వచ్చిన కరెంటు హెచ్చుతగ్గో దానికీ తగులుతుంది. విండోస్‌లోనే ఉండిపోయినవారు ఇదే పనికి ఫ్రీఫైల్‌సింక్ వాడుకోవచ్చు, మారిన ఫైళ్లను మాత్రమే గుర్తించి కాపీ చేస్తుంది కనుక మొదటిసారి తప్ప పెద్దగా సమయం పట్టదు. పాత డిస్కు పరీక్షలో కాషన్ అని వచ్చినదైతే దాన్ని బ్యాకప్‌కు వాడకండి, ఫైళ్లు తీసుకోవడం పూర్తవగానే పక్కన పెట్టేయండి. పాత సామానువాడికి ఇచ్చే ముందు మాత్రం దాని పలకలకు రెండు మూడు చోట్ల డ్రిల్లుతో రంధ్రాలు వేయించండి, ఎందుకంటే అందులో మీ పాన్ కార్డు నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్ల దాకా అన్నీ ఇంకా ఉంటాయి.